మూసీ వదిలిన మెట్టు

ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. నా తల లోపల ఉన్నది బండేనని సారు అనేవాడు. ఆ లెక్కన రాళ్ల సంగతి ఇంట్లో నన్నే అడగాలి కదా! అడిగేవారు కూడా, తోడల్లుడు రాకముందు. అతనిది హబ్సిగూడలో నేల పొరలు చదివే ఉద్యోగం. నాది నాచారంలో జేసీబీ నడపడం.

మామ ఉప్పల్‌లో జాగా కొన్నాడు. అక్కడి నుంచి చూస్తే మూసీ ఎక్కడో కింద కనిపిస్తుంది. సంపు గొయ్యి నేనే తవ్వాను. నిలువెత్తు లోతుకు పోయేసరికి అన్నీ గుండ్రటి రాళ్లు. ఏటి రాళ్లు ఇంత పైకి నడిచి వస్తాయా?

"మామా, గిది నింపుడు జాగా. ఎవడో లారీలల్ల తెచ్చి పోసిండు. ఇల్లు గడితే కుంగుతది," అన్నాను.

మామ మొహం పాలిపోయింది. నా మాటకు అంత బరువుందని లోలోపల మురిశాను. అంతలోనే ఆయన ఫోన్ తీసి చిన్నల్లుడికి చేశాడు. నా ముందే!

అతను వచ్చి, ఇస్త్రీ చొక్కాతోనే గొయ్యిలోకి దిగాడు.

"అన్నా, ఇటుక ముక్కలు, ప్లాస్టిక్ కవర్లు ఏమన్న వచ్చినయా?"

రాలేదు. తవ్వేటప్పుడే చూశాను. చెప్పబుద్ధి కాలేదు, అంతే. అతనే గొయ్యి గోడ మీద వేలు పెట్టి మామకు చూపించాడు.

"సూడు, రాళ్లన్నీ ఒక్క దిక్కే వాలినయి, పెంకులు పేర్చినట్టు. గిది పారే నీళ్ల పని. లారీ గుమ్మరిస్తే గిట్ల పడయి. ఫికర్ జెయ్యకు మామా, నింపుడు కాదు."

ఒకప్పుడు మూసీ ఈ ఎత్తులోనే పారిందట. దొర్లించి నున్నగా చేసిన రాళ్లను ఇక్కడ పరిచి, తర్వాత తన అడుగును తానే కోసుకుంటూ కిందికి దిగిందట. పాత అడుగు గట్టున మెట్టులా మిగిలిపోయింది. వేల ఏళ్లలో అలా మెట్టు కింద మెట్టు. ఎంత పైనుంటే అంత పాతది.

గొయ్యి నాది, చెమట నాది. మామ చూపు మాత్రం అతని మీద. ఇంటికొచ్చాక అత్త కూడా తొలి చాయ్ అతనికే ఇచ్చింది. నా పెళ్లి అయిన నాటి నుంచి ఆ ఇంట్లో తొలి కప్పు పెద్దల్లుడిదే.

"పాత మెట్టే పైన ఉంటదని తమ్మి జెప్పె. గీ ఇంట్ల పాత అల్లుణ్ని నేను. మరి నా చాయ్ ఎనుకకెట్ల వడ్డది అత్తా?" అన్నాను.

అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు. రెండో కప్పు తెచ్చి నా చేతిలో పెట్టి అంది:

"పైమెట్టు మీద రాళ్లే మిగిలినయి గదా. నీళ్లు గావాల్నంటే నువ్వే జర కిందికి దిగు."