బేగంబజార్‌లో దొరికిన తడి రుమాలు

ఇదొక మహాగాథ. ఇందులో పసుపు మేఘాలు లేస్తాయి, కొండలు కూలుతాయి, ఒక వీరుడు చావును గెలుస్తాడు. ఉన్నమాట చెప్పాలంటే, కొండలంటే పసుపు బస్తాలు. వీరుడు మా బాపు. చావును గెలిచే సమయంలో ఆయన చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

దయ్యాలూ మహిమలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మట్లేదు. ఇది చదివి ఎవరైనా తాయెత్తు తెచ్చిస్తే తీసుకోను.

మా అమ్మ నోట ఎప్పుడూ ఒక మాట ఉంటుంది: తలకు వచ్చింది తలపాగాతో పోయింది. పెద్ద ప్రమాదం రావలసింది, చిన్న నష్టంతో తప్పిపోయిందని అర్థం. బండి మీంచి పడ్డప్పుడు అద్దం మాత్రమే పగిలితే ఆ మాట అనాలి. మా అమ్మ పాలు పొంగిపోయినా అంటుంది. ఇంటర్‌లో నేను లెక్కలు తప్పినప్పుడూ అంది. లేకపోతే ఫిజిక్స్ కూడా పోయేదట.

మా ఇంట్లో తలపాగా లేదు, బాపు తలరుమాలు ఉంది. బాపు బేగంబజార్‌లో ఒక పసుపు, మిర్చి హోల్‌సేల్ కొట్టులో హమాలీ. నేను అదే కొట్టులో ఫోన్ మీద ఆర్డర్లు రాసుకుంటాను. బస్తా ఎత్తేముందు హమాలీ తన రుమాలును చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుంటాడు. ఒకరి రుమాలు ఇంకొకరు ముట్టరు. ముడితే అవతలివాడి మెడనొప్పి కూడా మన మెడకే వస్తుందని వాళ్ల పట్టింపు.

ముందురోజు రాత్రి అమ్మ ఆ రుమాలును నానబెట్టింది. అది కొట్టులోనే ఉందనుకుని బాపు పొద్దున్నే వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక అమ్మ దాన్ని ఉతికి, లాల్‌దర్వాజాలోని మా అద్దె ఇంటి ముందు తీగ మీద రెండు క్లిప్పులు పెట్టి ఆరేసింది. నేను బయలుదేరేటప్పుడు దాని కిందినుంచే వంగి వెళ్లాను. చల్లటి చుక్క ఒకటి మెడ మీద పడింది. నా దగ్గరున్న సాక్ష్యం ఆ చుక్కే.

కొట్టుకు వెళ్లేసరికి లారీ నిలబడి ఉంది, బాపు కూర్చుని ఉన్నాడు. బాపు జోడీ ఖాజా భాయ్ మొఘల్‌పురా నుంచి వస్తాడు. ఇద్దరూ కలిసే ఎత్తుతారు కాబట్టి ఆయనా కూర్చున్నాడు. తన రుమాలు తీసి ఇవ్వబోయాడు.

“నీ మెడనొప్పి నాకెందుకు భాయ్? నాదే నాకు మస్తుగుంది,” అన్నాడు బాపు. నావైపు తిరిగి, “అరేయ్, ఇంటికి పోయి నా రుమాల్ పట్కరా,” అన్నాడు.

“అది తడిగుంది బాపు. గుడ్డముక్క కోసం గింత లొల్లా? సేఠ్ పనిలకెల్లి తీసేస్తడు.”

“తీసెయ్యనీ. నెత్తి నాది. నువ్వు పో.”

వెళ్లాను. తీగ మీద రెండు క్లిప్పులు గాలిని కరుచుకుని ఉన్నాయి. కింద బండ మీద నీళ్ల మరక ఇంకా ఆరలేదు. అమ్మ పొద్దుటినుంచి గడపలోనే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. గాలి లేదు, ఎవరూ రాలేదు. ముందు నన్నే అనుమానించింది.

“ఏడ దాసినవ్ రా?”

ఇంతలో ఖాజా భాయ్ ఫోన్. “బాల్ బాల్ బచ్‌గయే బేటా! బస్తాలన్నీ కూలినయ్. అప్పుడు మేమిద్దరం బయట చాయ్ తాగుతున్నం.”

వెంట్రుకవాసిలో బతికామని ఉర్దూలో అలా అంటారు. మా బాపుకు ఉన్నది నున్నటి బట్టతల. ఆ జోకు నాలుక చివరిదాకా వచ్చింది, బయటికి రాలేదు. స్కూటర్ తాళం రెండుసార్లు కింద పడింది.

అమ్మను ఎక్కించుకుని వెళ్లాను. కొట్టు వెనక గోదాంలో గాలి పసుపుపచ్చగా ఉంది. బస్తాలు ఎత్తడానికి వాళ్లిద్దరూ రోజూ నిలబడే చోటనే మొత్తం వరుస పడిపోయింది. ఒక్కొక్కటీ తీసి పక్కన వేశారు. చివరి బస్తా బాపు, ఖాజా భాయ్ కలిసి లేపారు. దాని కింద రుమాలు ఉంది.

నేను ముట్టుకుని చూశాను. తడిగా ఉంది. మూలన ఆకుపచ్చ దారం కుట్టు. అమ్మ జాకెట్టు కుట్టగా మిగిలిన దారం అది.

“తలకు వచ్చింది తలపాగాతో పోయింది,” అంది అమ్మ మెల్లగా, బాపు చెయ్యి పట్టుకుని. జీవితంలో మొదటిసారి సరైన చోట అంది.

ఇలాంటివి రెండు రుమాళ్లు ఉన్నాయా అంటే, ఆ కుట్టు ఒక్కటే. ఎవరైనా తెచ్చారా అంటే, అమ్మ గడపలోనుంచి కదల్లేదు. కోతి తెచ్చిందంటే, కోతికి మా కొట్టు అడ్రసు తెలియదు. నేను ఆ రుమాలును అడగాలనుకున్నది ఒక్కటే: తనంతట తానే రాగలిగినప్పుడు నా పెట్రోలు ఎందుకు కాల్పించింది?

సాయంత్రానికి గల్లీలో సగం జనం మా ఇంట్లోనే ఉన్నారు. ఒకామె కుంకుమ తెచ్చింది. ఇంకొకామె మనవడి తాయెత్తుకు చిన్న పీలిక చింపి ఇమ్మంది. అమ్మ రుమాలును దేవుడి పటం పక్కన పెట్టబోయింది. బాపు లాగేసుకున్నాడు.

“ఇది పనిచేసే గుడ్డ. గోడకు కడ్తే రేపు బువ్వ ఎవలు పెడ్తరు?”

మర్నాడు దాన్నే చుట్టచుట్టుకుని అదే గోదాంలో బస్తా ఎత్తాడు. ఆ పూటంతా నేను ఒక్క ఆర్డరూ సరిగ్గా రాయలేదు, ఆయన మెడవైపే చూస్తూ ఉన్నాను. అయినా నేను నమ్మట్లేదు. అదెలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

పసుపు మరక సబ్బుకు పోదు. రుమాలును మళ్లీ అదే తీగ మీద ఎండలో ఆరేయాలి.