గ్లెన్ సార్ అడిగిన ఐదో ప్రశ్న

ఒమాన్‌లో మేముండే సలాలాలో ఖరీఫ్ మొదలైంది. మా జగిత్యాల వైపు ఖరీఫ్ అంటే వరినాట్లు. ఇక్కడ ఖరీఫ్ అంటే మూడు నెలల తుంపర. కొండలు పచ్చబడతాయి, మస్కట్ నుంచి జనం కార్లేసుకుని చూడటానికి వస్తారు, రూములో మాత్రం ఒక్క బట్ట ఆరదు. ఈ చెమ్మకు ఏటా నా ఇనుప బీరువాలోంచి ఒక వాసన వస్తుంది. తడిసి ఆరి, మళ్ళీ తడిసిన తోలు వాసన. లోపల ఒక ఎర్ర బంతి ఉంది. గుండ్రంగా ఉండదు, కొబ్బరికాయలా రెండు వైపులా సాగి ఉంటుంది. కొత్తగా రూముకొచ్చినవాళ్లు ముక్కు మూసుకుని, "ఇదేందే అన్నా, అవతల పారెయ్యరాదే" అంటారు. పారెయ్యను. అది గ్లెన్ సార్ బంతి.

సలాలా పక్కన రైసూత్‌లో మా ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో గ్లెన్ సార్ సేఫ్టీ మేనేజర్‌గా వచ్చారు. ఆస్ట్రేలియా మనిషి. యాభై దాటిన వయసు, పక్కకు తిరిగిన ముక్కు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూసే వేళ్లు. మేము స్కాఫోల్డింగ్ వాళ్లం, అంటే పరంజాలు కట్టేవాళ్లం. పరంజా ఎక్కవచ్చంటే దానికి ఆకుపచ్చ ట్యాగ్ కడతారు, వద్దంటే ఎర్ర ట్యాగ్. ఆయన వచ్చిన మొదటి వారంలోనే సైటంతా ఎర్ర ట్యాగులతో బతుకమ్మలా కళకళలాడింది. పని ఆగితే ఫోర్‌మన్ తిట్టేది మమ్మల్ని. ఆయన్ని తిట్టలేక మేము ఆయనకు 'రెడ్ ట్యాగ్' అని పేరు పెట్టుకుని తృప్తిపడ్డాం. నేనైతే ఆయన జీపు కనపడగానే మొహం తిప్పుకునేవాణ్ణి. అబద్ధమెందుకు, ఆయనంటే నాకు మొదట్లో ఒళ్లుమంట.

ఒక గురువారం ఆయన నన్ను పిలిచి ఒక కాగితం మీద నాలుగు గీతలు గీసి, ఇలాంటివి రెండు జతలు కట్టగలవా అని అడిగారు. ఆటకు కావాలన్నారు. మధ్యలో రెండు ఎత్తయిన స్తంభాలు, అటొకటి ఇటొకటి పొట్టివి. గోల్ పోస్టులంటే నాకు తెలియదా అనుకుని, నేనూ గంగారామూ కలిసి పాత పైపులతో దిట్టంగా కట్టాం. గంగారాం మా ఊరివాడే, సైటులో షట్టరింగ్ పని. పైపుల చుట్టూ రూముల్లోంచి పారేసిన పరుపుల ఫోమ్ చుట్టాం. చూపిస్తే గ్లెన్ సార్ నవ్వారు. నేను టీవీలో చూసిన ఫుట్‌బాల్ గుర్తుపెట్టుకుని ఎత్తు స్తంభాల మీద అడ్డంగా ఒక పైపు బిగించాను. ఆ ఆటలో అది ఉండదట. బంతి ఎంత ఎత్తున పోయినా సరే, ఆ రెండింటి మధ్య నుంచి పోతే ఆరు పాయింట్లు. గురి తప్పి పక్క సందులోంచి పోయినా ఒక పాయింటు ఇస్తారట. గురి తప్పినదానికి కూడా లెక్క కట్టే ఆట ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది. అడ్డ పైపు విప్పేశాను.

అదే ఆయన ఆట, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తి కాలితో తన్నే వాళ్ల దేశపు ఫుట్‌బాల్. వాళ్ల దేశంలో పెద్ద లీగులో కొన్ని సీజన్లు ఆడారట, గోల్‌కు కాపలా ఉండే చోట. మాకు ఆ సంగతి ఆయన చెప్పలేదు. పోర్టులో పనిచేసే ఇంకో ఆస్ట్రేలియన్ చెప్పాడు. సలాలాలో ఉన్న వాళ్ల దేశస్థులు, ఒకరిద్దరు ఒమానీ యువకులు, సాజన్ అనే మలయాళీ డ్రైవరు, ఇలా దొరికిన వాళ్లతో గ్లెన్ సార్ శుక్రవారాలు ఒక జట్టు నడిపేవారు. స్తంభాలు పాతడానికి వెళ్లిన నేను, మనిషి తక్కువైతే అక్కడే నిలబడిపోయాను. ఊళ్లో నేను కబడ్డీ ఆడేవాణ్ణి. మండలం పోటీల్లో నా పట్టుకు పేరుండేది. మొదటి రోజే బంతి పట్టుకుని పరిగెత్తుతున్న గ్లెన్ సార్ చీలమండ అందుకుని కింద పడేశాను. మా ఆటలో అయితే చప్పట్లు మోగేవి. ఇక్కడ విజిల్ మోగింది. మోకాళ్ల కింద పట్టకూడదట, భుజాల పైన పట్టకూడదట. ఆ తర్వాత బంతి నా చేతికొస్తే, అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టి కబడ్డీ కబడ్డీ అనుకుంటూ పరిగెత్తానట. నాకు తెలియదు. గట్టు మీద గంగారాం పొట్ట పట్టుకుని నవ్వాడు. గ్లెన్ సార్ నవ్వలేదు. ఒంటి మీది ఇసుక దులుపుకుంటూ వచ్చి, వచ్చే వారం కూడా రమ్మన్నారు.

రెండేళ్లు ఆడాను. ఆయన దగ్గర ఉపన్యాసాలు ఉండేవి కావు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఎక్కడైనా ఇరుక్కుంటే సైటు హిందీతో గట్టెక్కేవాళ్లం. కోలబంతి నేల తాకిందంటే ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. అది చేజారినప్పుడల్లా నేను దాన్ని బూతులు తిట్టేవాణ్ణి. ఒకసారి దగ్గరికొచ్చి, "ఎటు పోవాలో దానికే తెలియదు రాజేశం. కోప్పడకు. దగ్గర్లో ఉండు, చాలు" అన్నారు. ఇంటి నుంచి ఏదైనా చిక్కుతో ఫోను వచ్చినప్పుడు ఇప్పటికీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆయనకొక పిచ్చి ఉండేది. ఎవరి తలకు ఏ కొంచెం తగిలినా ఆట ఆపించి, ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఇది ఏ గ్రౌండు, ఆటలోని నాలుగు క్వార్టర్లలో ఇది ఎన్నోది, చివరి గోల్ ఎవరు కొట్టారు, పోయిన వారం ఎవరితో ఆడాం. ఒక్కటి తప్పినా ఆ మనిషి ఇక ఆ రోజు ఆడటానికి లేదు. ఎప్పుడూ అవే నాలుగు. నాకు భయం వేరే ఉంది. ఆ ఏడు నా వీసా రెన్యువల్, దానికి మెడికల్. తలకు దెబ్బ తగిలిందని కాగితం మీదకెక్కితే పైకెక్కే పనికి అన్‌ఫిట్ అంటారని, అన్‌ఫిట్ అంటే విమానమెక్కించడమేనని క్యాంపులో అందరూ అనుకునేవారు. అందుకని నేనూ గంగారామూ ముందే ఒప్పందం చేసుకున్నాం. వాడు గట్టు మీద నీళ్ల బాటిళ్లు అందించేవాడు. ఏదైనా జరిగితే బాటిల్‌తో పాటు జవాబులూ అందిస్తాడు. తెలుగు ఆయనకేం తెలుసు? మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఆ ఖరీఫ్‌లో మస్కట్ వైపు, అల్ మవాలే నుంచి ఒక జట్టు ఆడటానికి వచ్చింది. తుంపరకు బంతి సబ్బులా జారుతోంది. మూడో క్వార్టర్‌లో బంతి కోసం పైకెగిరాను. ఎవరిదో మోచేయి కణతకు తగిలింది. తర్వాత గుర్తున్నది గడ్డి వాసన, నా ముందు గ్లెన్ సార్ మోకాళ్లు. మేము ఒక్క గోల్ వెనకున్నాం. నన్ను తీసేస్తే వెనకాల పట్టేవాడు లేడు. ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. గ్రౌండు పేరు నేనే చెప్పేశాను. వెనక నుంచి గంగారాం, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, "మూడోది రా, మూడు" అన్నాడు. మూడు అన్నాను. "సాజన్ కొట్టిండు." సాజన్ అన్నాను. "మన పోర్టోళ్లతోని ఆడినం." పోర్టు అన్నాను. నాలుగూ సరిగ్గా చెప్పాను. నాకు లేవాలని ఉంది.

గ్లెన్ సార్ లేవలేదు. గంగారాం వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి అడిగారు.

"నీ కూతురి పేరేంటి?"

గంగారాం అందించలేదు. ఇది అందించాల్సి వస్తుందని వాడికి తోచనే లేదు. నేను నోరు తెరిచాను. బిడ్డ మొహం కనపడుతోంది, నూనె రాసి వేసిన రెండు జడలు కనపడుతున్నాయి, ముందు పన్ను ఊడిన నవ్వు కనపడుతోంది. పేరు రావటం లేదు. వెతికాను. ఇంట్లో దీపం పోయినప్పుడు గోడలు తడుముకున్నట్టు తడుముకున్నాను. రాలేదు. నా జన్మలో అంత భయపడలేదు. గంగారాం చేతిలోని బాటిల్ కింద పడేసి, "సాబ్, ఇస్కో బాహర్ నికాలో" అని, నన్ను ఆటలోంచి తీసెయ్యమని ఏడ్చేశాడు.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. గ్లెన్ సార్ ఆట చివరి దాకా లేరు. క్లినిక్‌లో నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. పేరు సాయంత్రానికి తిరిగొచ్చింది. డాక్టరు రెండు వారాలు ఎత్తు ఎక్కొద్దని రాశాడు. నాకేమో, బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు అనిపించింది. పొద్దున్నే డ్యూటీకెళ్తే కొక్కేనికి వేలాడుతున్న నా హార్నెస్‌కు, పైకెక్కేటప్పుడు పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలకు, ఎర్ర ట్యాగ్ కట్టి ఉంది. మీద ఆయన సంతకం. నాకు కోపం ఆగలేదు. ఆఫీసు కంటైనర్‌లోకి పోయి నోటికొచ్చింది అనేశాను. మీకు పాస్‌పోర్టు బలం ఉంది, మాకు లేదు, మీ ఆట కోసం నా కడుపు కొట్టారు అన్నాను. ఆయన కుర్చీ చూపించారు. నేను కూర్చోలేదు. ఆయనే లేచి నిలబడ్డారు.

అప్పుడు చెప్పారు. తాను ఆడే రోజుల్లో తలకు దెబ్బ తగిలితే ముక్కు దగ్గర ఘాటు మందు సీసా పెట్టి మళ్ళీ లోపలికి తోసేవారట. ఎన్నిసార్లో ఆయనకే లెక్క లేదు. గర్వంగా ఉండేదట కూడా. తర్వాత సొంత ఊళ్లో, గోధుమ పొలాల మధ్య చిన్న ఊరు, కోచ్ అయ్యారు. జట్టులో మంచి ఆటగాడు ట్రాక్టర్ మెకానిక్. ఫైనల్లో అతనికి తలకు తగిలింది. బాగానే ఉన్నానన్నాడు. ఈయన నమ్మాలనుకుని నమ్మి, లోపలికి పంపారు. రెండోసారి మళ్ళీ తగిలింది.

"కప్పు గెలిచాం. అది ఊళ్లో అద్దాల బీరువాలో ఉంది. వాడు తెరలన్నీ వేసుకుని చీకటి గదిలో ఉంటాడు, వెలుతురు పడదు. నేను వాణ్ణి నాలుగు ప్రశ్నలైనా అడగలేదు, రాజేశం."

కోచింగ్ ఆ వారమే మానేసి, సేఫ్టీ చదువు చదివి ఎడారి దేశాలకు వచ్చేశారట. ఇక్కడ మళ్ళీ బంతి పట్టడానికి చాలా ఏళ్లు పట్టిందట. అన్న మాటలు వెనక్కి తీసుకుందామంటే ఆయన భాషలో నాకు చేతకాలేదు. మూడో రోజు కంపెనీ బస్సు దిగుతూ రెండో మెట్టు మీద నాకు కళ్లు తిరిగాయి. కమ్మీ పట్టుకుని ఆగాను. ఆ ఎర్ర ట్యాగ్ లేకపోతే ఇంకో గంటలో నేను నలభై అడుగుల ఎత్తున పైపు భుజాన వేసుకుని నడుస్తుండేవాణ్ణి. ఆ సంగతి నా భార్యకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

నన్ను ఎవరూ ఇంటికి పంపలేదు. ఆ రెండు వారాలు గ్లెన్ సార్ నన్ను తన వెంట తిప్పుకుని ప్రతి పరంజా కింద నిలబెట్టి, దీనికి ఏ ట్యాగ్ కడతావు, ఎందుకు అని అడిగేవారు. ఆ పని నాకు అబ్బింది. మెడికల్ పాసయ్యాను, తర్వాత స్కాఫోల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. ఈ రోజు నేను తినే అన్నం ఆ ఎర్ర ట్యాగ్ పెట్టిందే.

తర్వాతి ఏడాది ఆయన పొద్దుటి మీటింగులో చెప్పిన మాటే మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. ఎవరూ నవ్వలేదు. ఒక రోజు జీపు ఎక్కడ పెట్టారో తెలియక సైటంతా తిరుగుతుంటే నేను వెంట నడిచాను. వెళ్లిపోయే రోజున బంతి నా చేతిలో పెట్టి, గాలి తగ్గకుండా చూసుకో అన్నారు.

పోయిన నెల వీడియో కాల్ చేశాను. ఆయన భార్య ఫోను పట్టుకున్నారు. తెరలో నన్ను చూసి ఆయన మర్యాదగా నవ్వారు, ఎవరినైనా చూసి నవ్వినట్టే. పక్క నుంచి ఆమె మెల్లగా, "రాజేశం, ఒమాన్" అని అందించడం నాకు వినపడింది. "రాజేశం," అన్నారు ఆయన. విననట్టే ఉండిపోయాను. తర్వాత ఆయన ముందుకు వంగి నా మొహం పరీక్షగా చూసి, నీ కూతురి పేరేంటి అని అడిగారు. అక్షిత అని చెప్పాను, ఇంటర్ చదువుతోందన్నాను. అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ అదే అడిగారు. ఈసారి పక్క నుంచి ఎవరూ అందించలేదు. నా పేరు పోయింది కానీ ఆ ప్రశ్న ఆయనకు పోలేదు. అక్షిత, సార్ అని మళ్ళీ చెప్పాను. ఆయన తల ఊపారు. ఆట ఆడటానికి పనికొస్తావు అన్నట్టు చెయ్యి ఊపారు.

రోజూ పొద్దున పరంజా ఎక్కేవాళ్లు నా ముందు వరుసలో నిలబడతారు. హార్నెస్ చూస్తాను, బూట్లు చూస్తాను, తర్వాత ఒక్కొక్కరి కళ్లలోకి చూసి ఇంట్లో ఎవరిదో ఒకరి పేరు అడుగుతాను. కొత్తవాళ్లు నవ్వుతారు. ఇదేం పిచ్చి అన్నా అంటారు. పేరు చెప్పిన తర్వాతే పైకి ఎక్కనిస్తాను.