‘ఎస్’ కొట్టమన్నది నేనే

ఎనిమిదేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. చిన్న మాటే. అనడానికి అరక్షణం పట్టింది. దించుకోవడం మాత్రం ఇప్పటికీ చేతకాలేదు. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ ఆటపట్టిస్తారు. నిజమే, ఈ ఒక్క విషయం తప్ప. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. క్షమించమని అడగడం లేదు. నేను తప్పు చేసింది మీ పట్ల కాదు కదా. వింటే చాలు.

అప్పుడు మునిర్కాలో ఉండేదాన్ని. సివిల్స్ రాస్తానని ఢిల్లీ వచ్చి, మూడుసార్లు ప్రిలిమ్స్ దగ్గరే బోల్తాపడి, ఇంటికి వెళ్లే ముఖం లేక, దగ్గర్లోని ఒక చిన్న సంస్థలో వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్చుకుంటున్నాను. గదిలో నాతోపాటు ఉన్న అమ్మాయిదీ అదే కథ. ఆమెను ఇక్కడ స్వప్న అంటాను, అసలు పేరు అది కాదు. కరీంనగర్ వైపు పిల్ల, నాకంటే నాలుగేళ్లు చిన్న. నాది తెనాలి వైపు. నా మాటకు ఆమె, ఆమె మాటకు నేను మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. తర్వాత ఒకే కుక్కర్లో అన్నం వండుకున్నాం. ఆమె నన్ను అక్కా అని పిలిచేది. ఊరికే పిలుపుకి కాదు, నిజంగానే.

కోర్సు చివర ఎవరి ప్రాజెక్టు వాళ్లు చేయాలి. నేను లైబ్రరీ పుస్తకాల జాబితా చేశాను. క్లాసులో సగం మంది అదే చేశారు. స్వప్న ఏం చేసిందంటే, మునిర్కాలో అద్దెకిచ్చే గదులన్నిటికీ ఒక వెబ్‌సైటు చేసింది. నాలుగు నెలలు సందుసందూ తిరిగింది. ఏ ఇంట్లో నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఏ ఇంటి ఆంటీ ఎండుచేపలు వండనిస్తుంది, ఏ గదికి కిటికీ ఉంది, ఉంటే ఎదురుగా ఏముంది, ఎన్ని మెట్లు ఎక్కాలి, అన్నీ అడిగి రాసుకుని వచ్చేది. మెట్లు స్వయంగా లెక్కపెట్టేది. నువ్వేమన్నా సీఐడీవా అని వెక్కిరించేదాన్ని. నవ్వేది. ఊరి నుంచి కొత్తగా వచ్చే ఆడపిల్ల మొదటి రోజు ఎక్కడ మోసపోతుందో తనకు తెలుసట, ఆ పిల్ల కోసమట.

ఒకసారి ఆమె స్నానానికి వెళ్లినప్పుడు మా గది గురించి ఏం రాసిందో తెరిచి చూశాను. ‘కిటికీ ఉంది. చెయ్యి చాపితే ఎదుటి గోడ తగులుతుంది. ఎండ రాదు. గదిలో ఉండే అక్క మంచిది.’

ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోలేకపోతున్నాను.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. వెబ్‌సైటును జనానికి చూపించకముందు మన లాప్‌టాప్‌లోనే నడిపించి చూసుకుంటాం. దానికి ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. మా సైట్లు, వాటిలోని వివరాలు అన్నీ ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డరులోనే ఉండేవి. నేర్చుకునేవాళ్లందరం అలాగే పెట్టేవాళ్లం, ఇంకోచోట నకలు దాచుకోవాలన్న బుద్ధి ఎవరికీ ఉండేది కాదు. ఆ సర్వర్‌కు ఒక గుమ్మం ఉంటుంది. పోర్టు అంటారు, దాని నంబరు ఎనభై. ఆ గుమ్మంలో ఒక్కరే కూర్చోగలరు. వేరే ప్రోగ్రాం ఏదైనా ముందే వచ్చి కూర్చుంటే సర్వర్ లేవదు. ఎర్రక్షరాలు చూపించి ఊరుకుంటుంది.

గురుగ్రామ్‌లోని ఒక కంపెనీ నుంచి మా ఇద్దరికీ ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. సోమవారం. ఎవరి లాప్‌టాప్ వాళ్లు తెచ్చుకుని, ప్రాజెక్టు నడిపించి చూపించాలి. ఉద్యోగం ఒక్కటే. మేమిద్దరం సంతోషంగానే ఉన్నాం. ‘ఎవరికి వస్తే ఏం, ఇద్దరిదీ ఒకే గది కదా’ అని కూడా అనుకున్నాం. పైకి అనుకున్నాం. లోపల నాకు తెలుసు. ఆ గదుల సైటు పక్కన నా లైబ్రరీని ఎవడు చూస్తాడు?

శుక్రవారం నా లాప్‌టాప్ మొరాయిస్తుంటే కాసేపు స్వప్నది తీసుకున్నాను. ఇంటర్వ్యూలో అడుగుతారేమోనని ఇంకో రకం సర్వర్ ప్రోగ్రాం అందులో వేసి చూశాను. పని అయ్యాక తీసేయడం మరిచిపోయాను. ఇందులో దురుద్దేశం లేదు. ఇంతవరకూ నేను దోషిని కాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో, నాకు నేనే వకీలునై.

శనివారం మధ్యాహ్నం. చలికాలం. నేను మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. కింద చాప మీద స్వప్న లాప్‌టాప్ తెరిచింది.

“అక్కా, గిది లేస్తలేదు. ఎర్రగ ఏందో రాస్తుంది. నిన్నటిదాక మంచిగనే ఉండె.”

వంగి చూశాను. ఎనభయ్యో పోర్టులో ఇంకెవరో ఉన్నారని రాసి ఉంది. చూసిన క్షణంలోనే అర్థమైంది. నిన్న నేను వేసిన ప్రోగ్రామే. లాప్‌టాప్ తెరవగానే తనంతట తాను లేచి గుమ్మంలో కూర్చుంది. రెండు నిమిషాల పని. ‘సారీ, నేనే వేశాను, ఉండు తీసేస్తాను’ అంటే అయిపోయేది.

“ఏమోనే, పాడైనట్టుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడు” అన్నాను.

చేసింది. ఇన్‌స్టాల్ కాలేదు.

“ఫోల్డర్ ఖాళీగ లేదంట అక్కా. మరి పాతది తీసెయ్యాల్నా?”

“తీసెయ్.”

రెండు బఠాణీ కాయలు ఒలిచాను. ఇక్కడ మీరు ఒక విషయం తెలుసుకోవాలి. అంతకు నెల ముందు సంస్థలో నా పాత సైటు ఒకటి సరిగ్గా ఇలాగే పోయింది. పాతది తీసేసేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది. ఏమీ చదవకుండా ఎస్ కొట్టాను. మా సారు పకపకా నవ్వి, పోయింది పోయింది, నేర్చుకున్నావు కదా అన్నారు. కాబట్టి ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఎస్ అంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ రోజు స్వప్న జ్వరంతో క్లాసుకు రాలేదు.

“అక్కా, లోపల పెట్టిన సైట్లు, డేటా గూడ తీసెయ్యాల్నా అని అడుగుతుంది. ఎస్ కొట్టాల్నా, నో కొట్టాల్నా?”

“ఎస్ కొట్టెయ్. లేకపోతే మళ్లీ ఖాళీగా లేదంటుంది.”

“పక్కానా?”

“పక్కా.”

కొట్టింది.

ఎందుకన్నాను? ఎనిమిదేళ్లుగా తవ్వుకుంటున్నాను. మొదట అబద్ధం ఆడింది సిగ్గుతో, అది ఒప్పుకుంటాను, అడక్కుండా ఆమె లాప్‌టాప్‌లో ఏదో వేసినందుకు వచ్చిన చిన్న సిగ్గు. కానీ రెండోది? ఆ రెండు బఠాణీ కాయలు ఒలిచినంతసేపూ నా బుర్రలో ఏం జరిగింది? ఆలోచించుకునే వ్యవధి లేక నోరు జారిందని అనుకోవడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు. వ్యవధి ఉంది. ‘ముందు ఆ ఫోల్డర్ కాపీ చేసుకో’ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందాన్ని నేను మింగాను. అది అసూయే. ఇంకో పేరు పెట్టలేను. చెరపాలన్న పట్టుదల కూడా కాదు, చెడిపోతుంటే ఆపకూడదన్న చిన్న కోరిక. అంత చిన్నదానికి ఆమె నాలుగు నెలలు కాళ్లరిగేలా తిరిగిందంతా పోయింది.

మళ్లీ వేసింది. ఈసారి ఇన్‌స్టాల్ అయింది. సర్వర్ మాత్రం లేవలేదు. అవే ఎర్రక్షరాలు. గుమ్మంలో కూర్చున్నది ఇంకా అక్కడే ఉంది కదా. స్వప్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేను చేతులు తుడుచుకుని, ఏదో ఇప్పుడే తట్టినట్టు లాప్‌టాప్ నా ఒళ్లోకి తీసుకుని, నేను వేసిన ప్రోగ్రాం ఆపేశాను. సర్వర్ లేచింది. పచ్చరంగు వెలిగింది. స్వప్న నా మెడ చుట్టూ చేతులు వేసి, నువ్వు లేకుంటే ఏమయితుండెనో అక్కా అంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

తర్వాత తన సైటు తెరిచింది. అలాంటి పేజీ లేదని వచ్చింది. మళ్లీ తెరిచింది. డేటా ఉండాల్సిన చోట వెతికింది.

“అక్కా, నా రూములేవి?”

రాసుకున్న కాగితాలు కూడా లేవు. కంప్యూటర్లో ఎక్కించినవి ఎక్కించినట్టు పాత కాగితాలు కొనే కబాడీవాలాకు వేసేసింది, గది ఇరుకని. అప్పటికప్పుడు ఆటో ఎక్కి నెహ్రూ ప్లేస్ వెళ్లాం. పోయిన ఫైళ్లు వెతికిపెట్టే షాపు. అవును, నేనూ వెళ్లాను, ఆమె సంచి మోస్తూ వెళ్లాను. షాపతను చూసి, “ఊపర్ సే దుబారా డాల్ దియా, మేడమ్. అబ్ క్యా మిలేగా?” అన్నాడు. పైన మళ్లీ వేసేశారు, ఇంకేం దొరుకుతుందని. మళ్లీ వెయ్యమన్నది ఎవరు? స్వప్న నావైపు చూడలేదు. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. దారంతా తననే తిట్టుకుంది. నా చేతులార నేనే పోగొట్టుకున్న అక్కా, చదవకుండ కొట్టిన అంది. నేను ఓదార్చాను. నన్ను నమ్మండి, బాగా ఓదార్చాను.

సోమవారం ఆమె ఖాళీ చేతులతో ఇంటర్వ్యూకు వెళ్లింది. జరిగింది జరిగినట్టు చెప్పిందట. వాళ్లు మర్యాదగా విన్నారట. నేను నా లైబ్రరీ చూపించాను. ఉద్యోగం నాకు వచ్చింది. ఆమె సైటు ఉండి ఉంటే ఆమెకే వచ్చేదా? తెలియదు. తెలియకుండా చేసింది నేనే. రెండు నెలల తర్వాత స్వప్న సామాను సర్దుకుని ఊరికి వెళ్లిపోయింది. రైలెక్కేముందు తన కుక్కర్ నాకు ఇచ్చింది. కొత్త ఉద్యోగం, ఆఫీసు క్యాబ్ తొందరగ వస్తది, వండుకోనీకి ఉండాలె కదా అంది. ఆ కుక్కర్ ఇప్పుడు ఢిల్లీ ద్వారకలో మా ఇంట్లో ఉంది. గాస్కెట్ రెండుసార్లు మార్పించాను. పారేయలేను. అందులో వండిన అన్నం మా వాళ్లు తింటుంటే ఒక్కోసారి చూడలేను.

ఆఫీసులో ఎవరైనా బ్యాకప్ అనగానే భుజాలు తడుముకుంటాను. నా టీములో చేరిన కొత్తవాళ్లకు మొదటి రోజే నకళ్ల గురించి కఠినంగా చెబుతానని నాకు పేరు. మేడమ్ చాలా జాగ్రత్త మనిషి అంటారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల స్వప్న ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతోంది. ప్రతి ఏడూ పిల్లలకు ఆ శనివారం కథ చెబుతుందట. తన తెలివితక్కువతనం గురించి, నవ్వుతూ. మా అక్క పక్కనే ఉంది, పాపం ఆమెకు గూడ తెల్వది అని చెబుతుందట. గురుగ్రామ్‌లో ఇంత పెద్ద ఉద్యోగంలో ఉన్నావు, మా పిల్లలతో ఒక్కసారి వీడియోలో మాట్లాడు అక్కా అంది. కాదనలేకపోయాను. కాదనడానికి కారణం ఏం చెప్పను?

మాట్లాడాను. పిల్లలు వరసగా బెంచీల మీద, పక్కన స్వప్న. కాస్త ఒళ్లు చేసింది. నవ్వు అదే. చివర్లో ఒక అమ్మాయి లేచింది. సన్నగా, రెండు జడలు. ఆ రోజు ఎస్ కొడితే అన్నీ పోతాయని మీకు నిజంగా తెలియదా మేడమ్ అని అడిగింది. తప్పుపట్టే గొంతు కాదు. పిల్లలు పాఠంలో సందేహం అడుగుతారే, అలా. స్వప్న నా తరఫున తనే నవ్వేసింది, ఆమెకెట్ల తెలుస్తదిరా అని. ఆ ఒక్క క్షణం నా ముందు తలుపు తెరిచి ఉంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఒకరు నన్ను సూటిగా అడిగారు.

తెలియదమ్మా అన్నాను.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఆ శనివారపు అబద్ధానికి బోలెడు సాకులు చెప్పుకున్నాను, చిన్నవయసు, నిరుద్యోగం, మునిర్కా గది. ఈసారి ఏ సాకూ దొరకలేదు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, పోయేదేమీ లేదు. అయినా అదే మాట ఆడాను. అంటే ఆ రోజు ఆ అబద్ధం ఆడింది నా పేదరికం కాదు. నేనే.

స్వప్నకు చెబుతానా? తెలియదు. చెబితే ఆమె భారం దిగుతుందా, నాదే దిగుతుందా అని కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఆమె మా గది గురించి రాసిన వాక్యం ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా లేదు, నా తలలో తప్ప. దాన్నీ ఆమె చేతే చెరిపించాను.

రెండు జడల పిల్లా, నువ్వు ఇది చదువుతావో లేదో. నీ ప్రశ్నకు జవాబు ఇదిగో. ఆ రోజు నాకు తెలుసు.