యాకమ్మ పుట్టువెంట్రుకలు

మల్లక్క వరంగల్‌లో మా ఇంట్లో అంట్లు తోమడానికి కుదిరినప్పుడు ఆమె కూతురు యాకమ్మకు, మా బాబుకు ఒకే ఈడు. ఇద్దరికీ ఏడాది దాటింది. మా వాడికి అప్పటికే గుండు చేయించాం. యాకమ్మ జుట్టు మాత్రం కళ్ల మీద పడుతుండేది. ఎండాకాలం నెత్తి మీద సెగ్గడ్డలు లేచాయి. చీము రక్తంలో కలిస్తే ఏమవుతుందో పుస్తకాల్లో చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"తీయించరాదా మల్లక్కా?"

"తండ్రి రావాలె టీచరమ్మా. పిల్ల కడుపుల ఉన్నప్పుడే మొక్కిండు, అన్నారం దర్గకాడ తన ఒళ్లె కూసోబెట్టుకోని తీపిస్తనని."

తండ్రి ఉప్పలయ్య జైల్లో ఉన్నాడు.

వాళ్లది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లె. ఉప్పలయ్య పశువులకు నాటు మందులిచ్చేవాడు. బర్రె విరేచనాలతో పారుకుంటే గంజాయి ఆకు నూరి బెల్లంతో తాగించేవాడు. అందుకోసం వాళ్ల నాయన కాలం నుంచీ పెరట్లో నాలుగు మొక్కలుండేవి. ఎనభై అయిదులో మత్తు మందుల మీద కొత్త చట్టం వచ్చింది. ఆ కబురు ఆ పెరటి దాకా రాలేదు. మరుసటి ఏడు వాకిట్లో జీపు ఆగింది. మామూలు బట్టల్లో దిగిన పోలీసు, గంజాయి ఉన్నదా అని అడిగాడు.

ఇక్కడికి వచ్చేసరికి మల్లక్క ప్రతిసారీ నవ్వేది. "'ఉన్నది సారూ, బర్రెకా ఎడ్లకా' అన్నడు మావోడు. ఎండబెట్టింది గూడ తెచ్చి పొట్లం గట్టిచ్చిండు. పైసలు గూడ తీసుకోలె. జీపుల ఎక్కమంటే, సారు బర్రెను చూపెట్టనీకి తోల్కపోతాండనుకున్నడు."

కోర్టులో పశువుల మందన్న మాట నిలబడలేదు. మొక్క పెంచడం నేరం, ఇంట్లో ఉంచుకోవడం నేరం, ఊరికే ఇచ్చినా ఇంకొకరికి ఇవ్వడం నేరం. పట్టుకున్న రోజు నుంచి రెండేళ్లు. పైన జుర్మానా, కట్టకపోతే మరో ఏడాది.

పుట్టువెంట్రుకలు మూడో ఏట తీయాలి, లేదంటే అయిదో ఏడు దాకా ఆగాలి. రెండేళ్లకు వదిలితే మూడో ఏడు దొరుకుతుంది. జుర్మానా కట్టకపోతే దొరకదు.

ఒకసారి పిల్లకు జ్వరంగా ఉంటే జైలుకు, ములాఖత్‌కు నేనూ వెంట వెళ్లాను. ఇనుప జాలీకి అవతల ఉప్పలయ్య నిలబడ్డాడు.

"బిడ్డా, జర ఇటు సూడు."

యాకమ్మ తల్లి మెడలో మొహం దాచుకుంది.

"నెత్తి గట్లయిందేందే? నా కోసం ఆపకు, తీపియ్యి."

"మొక్కింది నువ్వు. నేనెట్ల తీపిస్త?"

అతను జాలీ కంతలోంచి వేలు చాపాడు. జుట్టు అందలేదు. మల్లక్క పిల్లను ముందుకు జరిపేలోపు జవాను టైమైందన్నాడు.

ఆ వారమే మల్లక్క ఊరికి వెళ్లి, తమ్ముడి దగ్గర ఉంచిన పాడిబర్రెను అమ్మేసి జుర్మానా కట్టింది.

ఉప్పలయ్య మూడో ఏట్లోనే వచ్చాడు. మొదటి శుక్రవారం అన్నారం వెళ్లాం. మంగలి కత్తి మీద నాకు నమ్మకం లేక కొత్త బ్లేడు, స్పిరిట్ సీసా సంచిలో పెట్టుకున్నాను. ఉప్పలయ్య బాసింపట్టు వేసుకుని చేతులు చాపాడు. యాకమ్మ అతన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. తల్లి కొంగు వదల్లేదు.

"పిల్ల గింజుకుంటే నెత్తి తెగుతది," అన్నాడు మంగలి. "తల్లి ఒళ్లెనే ఉండనీ అన్నా."

ఉప్పలయ్య చాపిన చేతులు దించాడు. తర్వాత పక్కకు జరిగి, ఒడిలో తువ్వాల పరిచాడు. రెండేళ్లకు పైగా పెరిగిన జుట్టు అందులో పడింది. తువ్వాల ముడి వేసుకుని, దర్గాలో ఇచ్చేదాకా రెండు చేతులతో పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో యాకమ్మ నిద్రపోయింది. మల్లక్క మెల్లగా అతని ఒళ్లోకి జరిపింది. ఉప్పలయ్య ఆ బోడిగుండు మీదికి చెయ్యి తెచ్చి, ఆనించకుండా ఆపాడు.

"ముట్టుకో, లేవదు," అంది మల్లక్క.

"వద్దే. లేస్తే మళ్ల నీ దగ్గరికే వస్తది."

వరంగల్ వచ్చేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.