కుంగిన పట్టాకి ఫోటో

ఒక రోలుకి పన్నెండు బొమ్మలే వచ్చే ఆ రోజుల్లో, మెడలో కెమెరా వేలాడితే చాలు, మనిషి జానెడు ఎత్తు పెరిగిపోయేవాడు. నేనూ పెరిగేను. డెబ్భైల మొదట్లో రాయగడలో, పట్టాల మరమ్మతులు చూసే ఇనస్పెక్టరు గారి దగ్గర కొత్త గుమాస్తాని. కెమెరా మాత్రం నాది కాదు, జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో ఉండే మా బావది. రాత్రి డ్యూటీ దిగి ఆయన పగలు నిద్రపోతుంటే మా అక్క బీరువాలోంచి తీసి ఇచ్చేది. ("ఒరే, గీత పడిందంటే మీ బావ నన్ను పుట్టింటికి బొబ్బిలి బండెక్కించేస్తార్రా" అనేది పాపం.) దాంతో నేను తీసినవన్నీ రైళ్ళే. ఇంజను పొగ చిమ్ముకుంటూ వస్తుంటే నాకు ఒళ్ళు తెలిసేది కాదు. తీరా కడిగించి చూస్తే ఒకదాంట్లో పొగ ఉండి ఇంజను ఉండేది కాదు, ఇంకోదాంట్లో గార్డు పెట్టె ఒక్కటే ఉండేది. అయినా ఆఫీసులో నా కోతలకి లోటు లేదు.

ఆ కోతలే నా పీకల మీదికి తెచ్చేయి. రాయగడ దాటేక ఓ చోట, రెండు కొండల నడుమ పల్లంలో, నాలుగు చినుకులు పడితే పట్టా కుంగిపోయేది. పోసిన కంకరంతా బురద మింగేసేది. బళ్ళన్నీ అక్కడ ఈడ్చుకుంటూ నడిచేవి, గ్యాంగు వాళ్ళు వానాకాలమంతా తడుస్తూ అక్కడే కాపలా. కంకర ఇప్పించండి మహాప్రభో అని రాసి రాసి ఇనస్పెక్టరు గారు అలిసిపోయేరు. చివరికి పైనుంచి జవాబొచ్చింది, కుంగిన చోటు ఫోటో పంపండి, చూస్తాం అని. ఆయన కళ్ళద్దాల మీంచి నా వంక చూసేరు. "ఏమోయ్, ఫోటోలు బ్రహ్మాండంగా తీస్తావటగా? ఈ ఒక్కటీ సరిగ్గా తీసుకురా. నీ ఉద్యోగం పర్మనెంటు కాగితం నా బల్ల మీదే ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు."

వెళ్ళి గుట్టుగా తీసుకు వచ్చేస్తే పోయేది. కుర్రతనం కదా, ముందు రోజే గ్యాంగు మేస్త్రీకి కబురు పెట్టేను, రేపు ఫోటో తీయడానికి వస్తున్నాను, సిద్ధంగా ఉండండి అని. మేస్త్రీ పార్వతీపురం వైపు మనిషి. ఇంకో మూడు నెలల్లో రిటైరు. అందరం తాత అనేవాళ్ళం.

మర్నాడు ట్రాలీ దిగి చూద్దును కదా, గొయ్యి లేదు. పట్టా బద్ద పెట్టి గీసినట్టుంది. కంకర అంచులు తీర్చి, పక్క రాళ్ళకి సున్నం కొట్టేరు. గ్యాంగంతా తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. ఆ కొండల్లోని దేశియా జాతి గ్యాంగుమన్ ఒకడు పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చేడు. ఆవిడ చేతి కడియాలు చింతపండు పెట్టి తోమినట్టున్నాయి, తళతళా మెరుస్తున్నాయి.

"తాతా, గొయ్యేదీ?"

"పూడ్సీసినాం బాబూ! నీ కబురొచ్చిన కాణ్ణించీ ఒక్కడు కూకోలేదు. గట్టు కింద జారిపోయిన రాళ్ళన్నీ ఏరి తట్టల్తో మోసీసినాం."

"కొంప ముంచేవు తాతా! నాకు కావలసింది గొయ్యే!"

ఆయన నా వంక జాలిగా చూసేడు. "గొయ్యెట్టుకుని పోటో దిగుతారేటి బాబూ ఎవులైనా?"

నిజమే మరి. జన్మకొకసారి ఫోటో దిగే మనుషులు. ముఖమే కడుక్కోకుండా దిగరు, పట్టాని అలా వదిలేస్తారా? నేను సిగ్గు విడిచి, "పోనీ, కొంచెం తవ్వలేవూ?" అన్నాను.

"బండొచ్చే యేళయినాది. పట్టా తవ్వితే జైల్లో ఎడతారు. గుమాస్తావి, నీకు తెల్దేటి?"

బండి వచ్చింది కూడా. ఇంక చేసేదేముంది, బండినీ గ్యాంగునీ కలిపి తీసేను. నా జన్మలో ఇంజను పూర్తిగా పడిన ఫోటో అదొక్కటే. ఇనస్పెక్టరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పంపితే కంకర రాదోయ్, మెచ్చుకుంటూ ఉత్తరం వస్తుంది" అని నా మీదికి విసిరేరు. సంతకం సంగతి ఎత్తలేదు.

వారం తిరక్కుండా వాన కొట్టింది. ఈసారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళేను. గొయ్యి గొయ్యిలాగే ఉంది. కెమెరా ఎత్తేనో లేదో తాత పరిగెత్తుకుంటూ వచ్చి గొడుగు అడ్డం పెట్టేసేడు.

"వద్దు బాబూ. ముప్పై యేళ్ళు సూసుకున్నాను ఈ పట్టాని. రేపు నాను పోయేక ఈ పోటో సూసి, ఆ మేస్త్రీ ఉన్నప్పుడు ఇలాగుండేదంతారు. నా పేరేటైపోతాది?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. నా పర్మనెంటు కోసం ముసలాయన పరువు తీయడానికి దొంగలా వచ్చేనని అప్పుడు తెలిసింది. కెమెరా దించి, ఉన్నమాట చెప్పేను. "ఫోటో వెళ్ళకపోతే కంకర రాదు తాతా. నువ్వెళ్ళిపోయేక కూడా వీళ్ళు ఇలాగే తడుస్తారు."

తాత గ్యాంగు వైపు చూసేడు. గోనెసంచులు కప్పుకుని అందరూ వణుకుతున్నారు. గొడుగు మడిచి నా చేతిలో పెట్టి, పంచె ఎగ్గట్టి, తనే ఆ గోతిలోకి దిగేడు. మోకాలి దాకా బురద.

"ఇప్పుడు తియ్యి. లోతెంతో ఆళ్ళకి తెలవాల. గొయ్యి నాదే, నాను కూడా దిగుతాను."

తలపాగా మాత్రం సరిచేసుకున్నాడు.

కంకర వచ్చింది. తాత రిటైరయ్యే లోపలే వచ్చింది, ఆయనే దగ్గరుండి పోయించేడు. నా కాగితం మీదా సంతకం పడింది. ఆ సంతకానికి సంబరపడ్డాను గానీ, నా పనితనం వల్ల వచ్చిందని మాత్రం ఎవరి దగ్గరా కోతలు కోయలేదు.

మొన్న మోకాలికి ఎక్స్‌రే తీయించుకోవాలని బయల్దేరుతూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ముఖానికి పౌడరు రాసుకున్నాను. "వాళ్ళు ఫోటో తీసేది ఎముకలకి నాన్నా!" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. నవ్వితే నవ్వింది. అరిగిపోయింది చూపించుకోడానికి వెళ్ళేవాడికి ఆమాత్రం ముస్తాబు ఉండద్దూ?