బాలింతకు పెట్టని ఉలవలు

మొన్న మా మనవరాలు తొలికాన్పు అయి కడప ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చింది. ఆ పిల్ల తల్లి, అంటే నా కూతురు, హైస్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషి, ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెరిచి అందులోని పిండిని పాలలో కలిపి బాలింత చేత తాగిస్తూ ఉంటే అదేమి మందు అని అడిగాను. మందు కాదనీ, ప్రోటీన్ అనీ, పిల్ల మాంసమూ గుడ్డూ ముట్టదు కాబట్టి బలం చాలదని డాక్టరమ్మ రాసిచ్చిందనీ చెప్పింది. దేనితో చేశారో చదవమంటే, డబ్బా తిప్పి చూసి, బఠాణీలు, సోయా చిక్కుళ్ళు, పెసలు అని చదివింది. సరే బాగానే ఉంది అనుకున్నాను. మధ్యాహ్నం బాలింతకు కంచం పెట్టారు. అందులో తెల్లన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి ఉన్నాయి. పప్పేదీ అంటే, బాలింత పప్పు తింటే బిడ్డకు కడుపునొప్పి వస్తుందమ్మా అని నా సైన్సు టీచరు నాకే బుద్ధి చెప్పింది. డబ్బాలో ఉన్నప్పుడు బలమైన పప్పు కుండలో ఉన్నప్పుడు విషం ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట నిన్నా మొన్నటిది కాదు, మా అక్క కాన్పు నాటిది.

మాది మైదుకూరు దగ్గర మెట్టపల్లె, ఇప్పటికీ ఉంటున్నది ఆ ఇంట్లోనే. తెల్లవాళ్ళ ఏలుబడిలో రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు, కిరసనాయిలు దొరకక పొద్దుగూకేలోగా అన్నాలు తినేసేవాళ్ళం. మా నాయనకు చిన్నప్పుడు విషజ్వరం వచ్చి బతికితే, ఆయన తండ్రి మా జేజినాయన మహానందిలో స్నానం చేసి ఇకమీదట తన ఇంట్లో నీచు వండబోమని మొక్కుకుని వచ్చాడట. ఆ మొక్కు మొక్కింది ఆయన, మోసింది ఇంటిల్లిపాదీ. అయినా మాకు లోటు ఉండేది కాదు, ఎందుకంటే జొన్నరొట్టెలోకి కందిపప్పో, సంగటిలోకి శనగవిత్తనాలు నూరిన ఊరిమిండి పచ్చడో, కొర్రన్నంలోకి ఉలవచారో, చలికాలంలో అనపగింజల పులుసో ఏదో ఒకటి ఉండనే ఉండేది, పిల్లలం ఆడుకుంటూ ఉడికించిన అలసందలు ఒడిలో పోసుకుని తిరిగేవాళ్ళం. ప్రోటీన్ అన్న మాట మా పల్లెలో ఎవరూ వినలేదు. ఆ తిండి తిని మా అమ్మ పొద్దున కలుపు తీసి, మధ్యాహ్నం కట్టెలు తెచ్చి, సాయంత్రం మళ్ళీ రాగులు విసిరేది. మా తరం వాళ్ళకు ఇదంతా చెప్పాల్సిన పని లేదు గానీ, గుడ్డు తినకపోతే మనిషి నిలబడడని ఇప్పుడు ఎవరైనా అంటే నాకు మా అమ్మ చేతులు గుర్తుకొస్తాయి.

అంత పప్పు తినే ఇంట్లోనే, ఆడది బిడ్డను కన్న రోజు నుంచి పురుడు తీరి పెద్ద నీళ్ళు పోసేదాకా ఆమె కంచంలోంచి పప్పు తీసేసేవాళ్ళు. కందిపప్పు వాతం, శనగలు పైత్యం, ఉలవలు వేడి, అలసందలు వాయువు, మజ్జిగ జలుబు. తాగే నీళ్ళు కూడా చూసి చూసి పోసేవాళ్ళు. ఇంతా చేసి అది ప్రేమే. మేము మామూలు రోజుల్లో ముఖం చూడని వరిబియ్యాన్ని బాలింత కోసమని బద్వేలు చెరువు కింద పండించే బంధువుల ఇంటి నుంచి మూట కట్టించుకుని తెచ్చేవాళ్ళు. తెల్లన్నమూ వెల్లుల్లి కారమూ పెడుతున్నాం, ఇంకేం కావాలి అని మా జేజికి గర్వం. మా నాయన తల్లి అయిన జేజి మాటే ఇంట్లో శాసనం. అంతకు ముందే ఒక వానాకాలంలో మా చిన్నాయన భార్య అదే పురిటిగదిలో అదే తెల్లన్నం తింటూ రోజు రోజుకూ వడిలిపోయి బిడ్డతో సహా కన్ను మూసింది. గాలి సోకిందన్నారు, గ్రహచారం అన్నారు, ఎవరూ ఆమె తిన్న కంచం వైపు చూడలేదు.

మా అక్క తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది ఏరువాక ముందు. ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళకే అక్క చెంపలు లోపలికి పోయాయి, గోడ పట్టుకుని లేచేది, పాలు రాలేదు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి బిడ్డ నోట్లో పిండుతూ ఉంటే అది గుక్కపట్టి ఏడ్చేది. ఆ గదిలో మళ్ళీ అదే జరగబోతోందని మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు, అందరికంటే ముందు అక్కకు తెలుసు. అమ్మ ఒకసారి ఇంత పెసరకట్టు పోయనా అని మెల్లగా అడిగింది. జేజి తల కూడా ఎత్తలేదు.

"నేనూ కంటి గదా పిల్లోళ్ళను, నాకు తెలీదా ఏం" అంది, అంతటితో ఆ మాట ముగిసింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఆ రోజుల్లోనే మా ఇంటి వాకిట్లో మూడు రాళ్ళ మీద పెద్దకుండ పెట్టి ఉలవలు ఉడికించేవాళ్ళు. ఎద్దులకు. తొలివాన పడితే అవి నాగలి లాగాలి కదా, అందుకని ఎండాకాలం చివర వాటికి ఉలవలు పెట్టి మేపేవాళ్ళు. జేజినాయన పొద్దున్నే వచ్చి ఎద్దుల డొక్కల మీద చెయ్యి వేసి, ఎముకలు తగులుతున్నాయా లేదా అని నిమిరి చూసుకునేవాడు. తగిలితే అమ్మను ఇంకొంచెం ఉలవలు పొయ్యమనేవాడు. ఆ ఎద్దులకు పదడుగుల దూరంలో, అక్క మెడ కింద ఎముకలు నాకు తలుపు సందులోంచి కనిపించేవి. ఉడికిన ఉలవల వాసన పురిటిగదిలోకి నేరుగా పోయేది.

"అమ్మా, ఎద్దులకు పెడ్తాండారే, ఆ ఉలవలన్నా గుప్పెడు పెట్టమ్మా, శానా ఆకలైతాండాది" అని అక్క అడిగితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి పోయింది.

మరునాడు పొద్దున అక్క గది దాటింది. ఇంకా పెద్ద నీళ్ళు పోయకముందే, అందరూ చూస్తుండగా, వాకిలి దాటి వచ్చి ఎద్దుల గాడి ముందు కూలబడి, అప్పుడే దానిలో పోసిన ఉలవలు రెండు చేతులా తీసుకుని తిన్నది. ఎద్దు దాని వాటా అది తింటూనే ఉంది. జేజి కేకలకు చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు. పురిటిమైలతో ఉన్న మనిషి ఏరువాక ఎద్దుల గాడి ముట్టుకోవడం అంటే మా ఇళ్ళలో చిన్న తప్పు కాదు. ఆ ఎద్దులకు పసుపు పూసి పూజ చేయాలి, వాటి నోటి దగ్గరికి మైల కూడు పోకూడదు. జేజినాయన వచ్చి నిలబడ్డాడు. అందరూ ఆయన నోటి వైపే చూస్తున్నారు.

"మైల పడిన గింజలు ఎద్దులకు పెట్టగూడదు. పారేస్తే మళ్ళా యాడ దొరుకుతాయి ఈ కరువులో. ఆ పిల్లనే తిననీండి" అన్నాడు.

మా అక్క మీద జాలితో అన్న మాట కాదు అది, ఎద్దుల శుద్ధి కోసమూ గింజల మీద పొదుపు కోసమూ అన్న మాట. అందుకే నాకు ఇప్పటికీ కోపం. అయితే మా అమ్మకు అది చాలింది. మరునాటి నుంచి పెద్దకుండ పక్కనే, అదీ ఎద్దులకే అన్నట్టు, ఒక చిన్నకుండ కూడా పొయ్యి ఎక్కేది. చిన్నకుండను చల్లారడానికని అమ్మ పురిటిగది గడప పక్కనే దించేది. లోపలి నుంచి అక్క చెయ్యి చాపి కుండ అంచు తాకేది. అప్పుడు అమ్మ ఏమాత్రం నవ్వు ముఖం లేకుండా, "అత్తా, పిల్ల ముట్టుకునింది" అని వాకిట్లోకి చెప్పేది. ముట్టుకున్నాక ఇక చేసేదేముంది, అది అక్కదే. జేజినాయనకు ఈ ఎత్తు తెలియకుండా ఉంటుందా, తెలిసే ఉంటుంది. పొద్దున్నే వచ్చి ఎద్దుల డొక్కలు నిమిరి తన దారిన పోయేవాడు.

బిడ్డకు కడుపునొప్పి వస్తుందని జేజి కాచుకుని కూర్చుంది. రాలేదు. మెల్లమెల్లగా అక్క గోడ వదిలి నడిచింది. ఒకరోజు బిడ్డ ఏడుపు మధ్యలో ఆగిపోతే అమ్మ భయపడి లోపలికి పరుగెత్తి, పాలు తాగుతున్న చప్పుడు విని గడప మీదే కూర్చుండిపోయింది. జేజి మాత్రం పేరంటానికి వచ్చిన వాళ్ళందరికీ తన వెల్లుల్లి కారమే మనిషిని లేపిందని చెప్పింది. వాళ్ళు తల ఊపి, తమ ఇళ్ళకు పోయి, తమ కోడళ్ళకు అదే కారం పెట్టారు. ఆ కుండ సంగతి నోరు విప్పి చెప్పే ధైర్యం మా అమ్మకు లేదు, చెప్పినా వినేవాళ్ళు లేరు.

ఇవాళ పొద్దున నేనే ఉలవలు ఉడికించి, ఉప్పు చల్లి, గిన్నెలో పోసి మనవరాలి మంచం మీద పెట్టాను. వాసనకు ఆ పిల్ల ముఖం విప్పారింది, చెయ్యి చాపింది, మళ్ళీ తల్లి వైపు చూసి వెనక్కి తీసుకుంది. డాక్టరమ్మను అడిగి చెబుతామమ్మా అంది నా కూతురు. మా అక్క మైలనే అడ్డం పెట్టుకుని తన కూడు తాను తెచ్చుకుంది. ఈ పిల్లకు మైల లేదు, కేకలేసే జేజి లేదు, ఇంట్లో దేనికీ కొదవ లేదు, అయినా చెయ్యి వెనక్కే పోయింది. గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. మూడు రాళ్ళ పొయ్యి ఉన్న చోట ఇప్పుడు ట్రాక్టరు నిలబెడుతున్నారు. ఎద్దులు పోయాయి, గాడి పోయింది, తెల్లవాళ్ళు కూడా పోయారు. బాలింత కంచంలోకి పప్పు మాత్రం ఇంకా రాలేదు.