నాదే భాయ్

ఎక్కడ ఏం చెడినా మా నాదే భాయ్ "తప్పు నాదే" అంటాడు. ఇంట్లో పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు.

మదర్సా హాస్టల్లో మాది ఒకే గది. అక్కడ కుండ పగిలితే, పగలగొట్టినవాడు ఒప్పుకునేదాకా ఎవరికీ అన్నం పెట్టరు. ఇతను లేచి నిలబడేవాడు.

"అప్పుడు నువ్వు నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ వజూ చేస్తున్నావు కదరా," అనేవారు ఉస్తాద్.

"నీళ్ళు ఎక్కువ వాడానండీ."

ఆకలికి ఆగలేడని నవ్వుకునేవాళ్ళం.

తోటివాళ్ళు అత్తరు కొట్లు, మందుల కొట్లు పెట్టుకున్నారు. మేమిద్దరం బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డులో చేరాం. నాది ఇస్త్రీ, ఇతనిది బట్ట కోసే బల్ల.

బస్సు ఆగిపోతే "నా బరువేనండీ" అంటాడు కండక్టరుతో. మా చెల్లి పెళ్ళిలో కరెంటు పోతే పెళ్ళికొడుకు తండ్రిని క్షమించమన్నాడు. ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"అతను మీకేమవుతాడు?"

"ఎవరో తెలీదండీ," అన్నాను, తల కొట్టేసినట్టయి.

ఇతన్ని సూపర్‌వైజర్ చేస్తారని అనుకుంటున్న రోజునే ఆ గొడవ వచ్చింది. చొక్కా చేతులు కోసేటప్పుడు బట్టను మడిచి కొయ్యాలి. అప్పుడే కుడీ ఎడమా జతగా వస్తాయి. ఎవరో మడవకుండా కోసేశారు. చొక్కాలన్నిటికీ రెండూ ఎడమ చేతులే.

"కోసినవాడు ఇవాళే ఇంటికి," అన్నాడు యజమాని.

"తప్పు నాదేనండీ."

"నిన్న నువ్వు సెలవు కదయ్యా."

"అదేనండీ తప్పు."

షెడ్డంతా నవ్వింది. ముసలి కటింగ్ మాస్టరు మాత్రం కత్తెర కింద పెట్టాడు.

"కోసింది నేనండీ. కొన్నాళ్ళుగా కళ్ళు ఆనడం లేదు. ఈ అబ్బాయే పొద్దున్నే వచ్చి, బట్ట మడిచి, లావుగా సుద్దగీతలు గీసిపెడుతున్నాడు. నిన్న రాలేదు."

నవ్వినవాళ్ళందరూ తలలు దించుకున్నారు. హాస్టల్లో బంతి చివర, ఖాళీ పళ్ళేల ముందు ఏడుస్తూ కూర్చునే చిన్నపిల్లలు నాకప్పుడు గుర్తొచ్చారు. ఇతను లేస్తేనే వాళ్ళకు అన్నం వచ్చేది.

యజమాని ముసలాయన వైపు తిరిగాడు.

"మాస్టరుగారూ, ముందు కళ్ళజోడు వేయించుకోండి. నువ్వేమో... తప్పులన్నీ నీవే అంటున్నావు కాబట్టి షెడ్డు కూడా నువ్వే చూసుకో."

ఏదో మాడిన వాసన వచ్చింది. నా ఇస్త్రీపెట్టె కింద ఒక కాలరు నల్లబడిపోయింది.

"ఇదెవరి తప్పయ్యా?" అన్నాడు యజమాని.

కొత్త సూపర్‌వైజర్ నోరు తెరవబోయాడు.

"నువ్వూరుకో భాయ్," అన్నాను. "ఇది నాది."